దారికి అడ్డం పెట్టిన కర్ర: ఇటుకల పండుగ గురించి మన పిల్లలకు

"మేడం, మనం అడుక్కుంటున్నామా?"

ఇటుకల పండుగకి రెండు రోజులు ఇంటికి వెళ్లి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మా హాస్టల్లో అడిగిన మాట ఇది. ఊరి ఆడవాళ్లతో కలిసి రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి పజోరు అడుగుతుంటే, కింద నుంచి కారులో వచ్చిన ఒకాయన అద్దం దించి "చదువుకునే పిల్లవి, అడుక్కోవడానికి సిగ్గు లేదా?" అన్నాడట. పది రూపాయలు ఇచ్చాడు, ఆ మాట కూడా ఇచ్చిపోయాడు. ఆ పిల్ల ఆ రోజు మళ్లీ దారి మీదకి వెళ్లలేదు.

మేము అప్పటికప్పుడు "కాదమ్మా, అది మన ఆచారం" అన్నాం. ఆ జవాబు ఆమెకి చాల్లేదు. నిజానికి మాకూ చాల్లేదు. ఎందుకు చేస్తున్నామో తెలియనప్పుడే మనం ఆచారం అన్న మాట వాడి తప్పించుకుంటాం. హాస్టళ్లలో మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండే మాలాంటి వాళ్లం మీకు లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చదువుకున్నారా లేదా అని అడుగుతాం. చైత్రంలో మీ ఊరు ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో ఎప్పుడూ అడగలేదు. ఆ అమ్మాయికి బాకీపడ్డ జవాబుని ఈ సంచికలో మీ అందరికీ కలిపి చెప్తున్నాం.

విత్తనం దగ్గర మొదలు

పాడేరు, అరకు, హుకుంపేట, డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు, పెదబయలు... ఏ వైపు వెళ్లినా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్కో ఊళ్లో ఒక్కో రోజున ఇటుకల పండుగ మొదలవుతుంది. ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో దీన్నే చైత్ పొరోబ్ అంటారు. భగతలు, కొండదొరలు, కోటియాలు, పోర్జలు, గదబలు, కోందులు, వాల్మీకులు, కమ్మరులు ఎవరి పద్ధతిలో వాళ్లు చేసుకుంటారు. క్యాలెండర్‌లో దీనికి ఎర్ర అంకె ఉండదు. దిసారి రోజు చూసి చెప్తాడు, ఊరి పెద్దలు కూర్చుని ఖాయం చేస్తారు, బారిక ఇంటింటికీ తెలియజేస్తాడు.

పండుగ అంటే మీకు ముందు గుర్తొచ్చేది దింసా, డప్పు, వేట, పజోరు. కానీ పండుగకి అసలు మొదలు విత్తనం. మేము చిన్నప్పుడు చూసింది ఇలా ఉండేది. ప్రతి ఇంటి నుంచి ఒక దోసెడు విత్తనాలు వెళ్లేవి. వడ్లు, సామలు, చోళ్లు, కొర్రలు, కందులు, ఎవరింట్లో ఏది ఉంటే అది. ఊరి దేవత దగ్గర అన్నీ ఒక్కచోట పోసేవారు. పూజారి కోడిని కోసి పూజ చేసేవాడు. తర్వాత ఆ కలిపిన విత్తనాలనే మళ్లీ ఇంటింటికీ పంచేవాడు. అమ్మ ఆ పిడికెడు తెచ్చి ఇంట్లో దాచిన విత్తనాల బుట్టలో కలిపేది. తొలకరికి చల్లేది ఆ బుట్టలోవే.

ఆ బుట్టలో ఏముందో ఒకసారి ఆలోచించండి. మీ ఇంటి విత్తనం ఊళ్లో ప్రతి చేలోకీ వెళ్లింది, ఊరందరి విత్తనం మీ చేలోకి వచ్చింది. మంచి చోళ్లు పండించిన ఇంటి గింజ, ఆ ఏడు పంట పోయిన ఇంటికి కూడా అందింది. ఎవరూ చెయ్యి చాచి అడగలేదు, ఎవరూ దానం చెయ్యలేదు. దేవత పేరున ఊరు మొత్తం గింజ మార్చుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. పజోరు గురించి చెప్పేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

చైత్రంలోనే ఎందుకు?

మన పెద్దల వ్యవసాయం పోడు. చలి తగ్గాక కొండవాలు మీద పొదలు, కొమ్మలు నరికి ఎండనిస్తారు. ఎండలు ముదిరాక కాలుస్తారు. తొలకరి పడగానే ఆ బూడిదలో విత్తుతారు. అంటే చైత్రం రెండు పనుల మధ్య ఖాళీ. పాత పంట ఇంటికి చేరింది, కొత్త పంటకి నేల ఇంకా తయారవుతోంది. విత్తనం చూసుకోవడానికి, చుట్టాలని కలవడానికి, ఊళ్లో తగవులు తీర్చుకోవడానికి అదే సమయం. అందుకే పెద్దలు ఆ రోజుల్లో పొలం పని ముట్టుకోవద్దనేవారు. మామిడికాయ కూడా అంతే. మామిడి కొత్త చెయ్యకుండా కొత్త కాయ కొరకకూడదు. చిన్నప్పుడు మాకు అది ఆంక్షలా అనిపించేది. టీచర్ ట్రైనింగ్ అయ్యాక అర్థమైంది: కాయ టెంక కట్టేదాకా చెట్టుని వదిలెయ్యమని పిల్లలకి చెప్పడానికి అంతకన్నా మంచి పద్ధతి ఉండదు.

ఈ పోడుకే దెబ్బ తగిలింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ తర్వాత రిజర్వు అడవిలో కొట్టడం, కాల్చడం నేరమైంది. నిన్నటిదాకా మన పెద్దలు విత్తిన కొండ రాత్రికి రాత్రి సర్కారు కొండయింది. అంతకు మూడేళ్ల ముందే, 1879 మార్చిలో, రంప కొండల్లో ఫితూరీ లేచింది. అక్కడి మన్సబుదారు పన్నులు పెంచాడు. కల్లు గీసుకునే చెట్టుకి కూడా చిగురుపన్ను అని వేశారు. దాని మీద కొండవాళ్లు తిరగబడ్డారు. అది పండుగల కాలం, కల్లు కాలం. పుస్తకాల్లో ఫితూరీని తేదీలతో చదువుతారు మీరు. ఆ తేదీల్లో ఊళ్లో ఏం జరుగుతుండేదో కూడా కలిపి చదివితే, పన్ను ఎక్కడ తగిలిందో తెలుస్తుంది.

వేట సంగతి

పాతకాలంలో పండుగ రోజుల్లో మగవాళ్లంతా విల్లు, బాణం, బల్లెం పట్టుకుని అడవికి వెళ్లేవారు. జంతువు దొరికితే డప్పులతో ఊరేగింపుగా తెచ్చి, ఊళ్లో ఇంటికింత అని వాటాలు వేసేవారు. ముసలివాళ్లకీ, మగదిక్కు లేని ఇళ్లకీ వాటా ఉండేది. ఉత్త చేతులతో వస్తే మాత్రం ఊరి ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి, నవ్వి, ఏడిపించి గాని ఊళ్లోకి రానిచ్చేవారు కాదు. ఏడాదంతా మాట పడే ఆడవాళ్లకి ఆ రోజు మగవాళ్లని నిలబెట్టి అడిగే అధికారం ఉండేది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు వేట నేరం. మేము మీకు సూటిగా చెప్తున్నాం, నాటు తుపాకీ పట్టుకుని పండుగ పేరు చెప్పి అడవిలోకి వెళ్లకండి. చట్టం ఉన్నందుకు మాత్రమే కాదు. మా తాతల కాలంలో ఉన్న అడవీ లేదు, ఆ జంతువులూ లేవు. చాలా ఊళ్లలో ఇప్పుడు లాంఛనంగా అడవి అంచుదాకా వెళ్లి వస్తారు. కోడో మేకో కోసి వాటాలు వేస్తారు. వాటా ఉన్నంతవరకూ పండుగ ఉన్నట్టే. పేడనీళ్లు కూడా మిగిలాయి, దానికి మాకు సంతోషమే.

పజోరు అంటే ఏమిటి?

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. పండుగ రోజుల్లో ఆడవాళ్లు, పిల్లలు దారికి అడ్డంగా కర్ర పెడతారు. వచ్చేవాళ్లని ఆపి పాట పాడి, నాలుగు అడుగులు ఆడి పజోరు అడుగుతారు. ఇచ్చినది ఊరి ఉమ్మడి విందుకి వెళ్తుంది.

మా అవ్వ చెప్పేది, తన చిన్నతనంలో ఆ దారిలో కార్లు లేవు, రోడ్డే లేదు. సంతకి వెళ్లే కాలిబాట. ఆపితే ఒకరు గుప్పెడు ఉప్పు, ఒకరు పొగాకు, ఒకరు ఎండుచేపలు ఇచ్చేవారట. పక్క ఊరివాడైతే తనే ఆగి, పాట అయ్యేదాకా నిలబడి, ఇచ్చి వెళ్లేవాడు. ఎందుకంటే రేపు వాళ్ల ఊళ్లో వీళ్లు నిలబడి ఇస్తారు. పండుగ జరుగుతున్న ఊరి గుండా నడిచే మనిషి ఆ పూటకి ఆ ఊరివాడే. ఇంటి నుంచి దోసెడు విత్తనం వెళ్లినట్టే, దారిన పోయేవాడి చేతి నుంచి అతని వాటా వెళ్లాలి. పజోరు లెక్క ఇంతే. విత్తనం కలిపే పద్ధతినే పెద్దలు దారి మీదకి తెచ్చారు.

ఇక ఆ దారి సంగతి. మన ఘాట్ రోడ్లు ఎవరు వేశారో మీ పాఠంలో ఉంటుంది, లేకపోతే ఉండాలి. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించాడు. కొండవాళ్లని బలవంతంగా తెచ్చి, కూలి సరిగా ఇవ్వకుండా రాళ్లు కొట్టించాడు. ఆ కడుపుమంట, పోడు మీద ఆంక్షలు, ముఠాదార్ల హక్కులు పోవడం అన్నీ కలిసి 1922లో మళ్లీ ఫితూరీ అయ్యాయి. ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. ఆ దళంలో బట్టిపనుకుల మునసబుగా పనిచేసిన గాం గంటం దొర, అతని తమ్ముడు మల్లు దొర ముందున్నారు. సీతారామరాజుని 1924 మే 7న కొయ్యూరులో చంపారు. గంటం దొర కూడా ఆ వేసవి దాటకుండానే పోయాడు. మల్లు దొర జైలు నుంచి బతికి బయటపడి, స్వతంత్రం వచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి వెళ్లాడు.

ప్రతి ఏటా మే 7న మన దగ్గర పూలదండలు వేస్తాం. 2022 ఏప్రిల్ 4 నుంచి పాడేరు కేంద్రంగా ఉన్న మన జిల్లాకి ఆయన పేరే ఉంది. దండ వేసేటప్పుడు ఆ రోడ్డు కూడా గుర్తుకు రావాలి. కొండవాళ్ల చేత ఊరికే రాళ్లు కొట్టించుకున్న రోడ్ల మీద, ఆ కొండవాళ్ల మునిమనవరాలు ఏడాదికి నాలుగు రోజులు కర్ర పెట్టి "మా పండుగకి మీ వాటా ఇవ్వండి" అంటోంది. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర గేటు పడితే కారులో పెద్దమనిషి ఎవరినీ సిగ్గు లేదా అని అడగడు.

కాబట్టి తల్లీ, నువ్వు అడుక్కోలేదు. ఇదీ నీకు మా జవాబు.

అయితే దీనికి రెండో సగం ఉంది. అదీ చెప్పకపోతే మేము సగం అబద్ధం చెప్పినట్టే. ఈమధ్య కొన్నిచోట్ల పండుగతో పనిలేకుండా కుర్రవాళ్లు దారికాస్తున్నారు. ఇంత ఇస్తే గాని వదలమంటున్నారు. అంబులెన్సుని, పరీక్షకి వెళ్లే పిల్లని ఆపిన సంగతులూ విన్నాం. ఆ డబ్బు ఊరి విందుకి కాక సీసాలకి పోతోంది. దానికి పజోరు అన్న పేరు పెట్టకండి. పాట లేకపోతే, ఊరి విందు లేకపోతే, ఇష్టం లేని మనిషిని వదిలెయ్యకపోతే అది పజోరు కాదు. ఘాట్ మలుపుల దగ్గర, చీకటిపడ్డాక కర్ర పెట్టడం ప్రాణాలకే ముప్పు. పెద్దలు పెట్టిన పద్ధతిని మీరే నిలబెడితే, సిగ్గు లేదా అన్నవాడికి తలెత్తి జవాబు చెప్పగలుగుతారు.

గీత గీశారు, పండుగ ఆగలేదు

మ్యాపు తీసి చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయింది. అంతకుముందు కోరాపుట్, జైపూర్ కొండలన్నీ మన విశాఖపట్నం జిల్లాలోవే. గీత గీసిన రోజు కూడా పండుగ రోజుల్లోనే పడింది. అవతల ఉన్న మేనమామ ఒక రాష్ట్రం, ఇవతల ఉన్న మేనకోడలు ఒక రాష్ట్రం అయ్యారు. ఈ రోజుకీ గీతకి అవతల చైత్ పొరోబ్, ఇవతల ఇటుకల పండుగ. పాట అదే, అడుగు అదే. రంపచోడవరం, చింతూరు వైపు కోయలు, కొండరెడ్లు భూమి పండుగ చేస్తారు. తీరు వేరైనా విత్తే ముందు భూమిని పలకరించడం ఒక్కటే. హాస్టల్లో పక్క మంచం మీద ఉన్న అమ్మాయిని "మీ ఊళ్లో ఎలా చేస్తారు?" అని అడగండి. మీకు తెలియని చరిత్ర మీ గదిలోనే దొరుకుతుంది.

దింసా, జాతర

దింసాని ఇప్పుడు ఎక్కువమంది చూసేది అరకు రిసార్టుల్లో, సభల వేదికల మీద. ఆడేవాళ్లకి నాలుగు డబ్బులు వస్తున్నాయి, అందులో తప్పు లేదు. కానీ అందరూ ఒక్కటే దింసా అనుకుంటారు. కాదు. బోడ దింసా ఊరి దేవతకి మొక్కుతూ ఆడేది. పొతర్ తొలా దింసాలో ఆకులు ఏరే పని ఉంటుంది. బాగ్ దింసాలో పులి నుంచి తప్పించుకునే కథ ఉంటుంది. కుందా దింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు కలిస్తేనే ఆ అడుగు పడుతుంది. చైత్రంలో ఒక ఊరివాళ్లు మరో ఊరికి వెళ్లి ఆడి, కలిసి భోంచేసి వచ్చేవారు. దాన్ని సంకిడి కేల్‌బార్ అంటారు. అక్కడ చూసేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు కాదు. వరసలో ఖాళీ దొరికిన చోట పక్కావిడ వీపు వెనకనుంచి చెయ్యి వేసి నిలబడటమే.

ఊళ్లలో ఇటుకల పండుగలు ముగిశాక, మే నెలలో పాడేరు పట్టణంలో మోదకొండమ్మ జాతర మూడు రోజులు జరుగుతుంది. అమ్మవారి పాదాలు, ఘటాలు శతకంపట్టుకి వస్తాయి, చివరి రోజు అనుపుతో సాగనంపుతారు. మైదానం నుంచి, ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి జనం వస్తారు. రంగుల రాట్నాలు, లైట్లు, మైకులు, ఆర్కెస్ట్రా అన్నీ ఉంటాయి. మీలో చాలామందికి వేసవి పండుగ అంటే ఇప్పుడు జాతరే. జాతరకి వెళ్లండి, మేమూ వెళ్తాం. కానీ జాతరని కమిటీ, అధికారులు, పోలీసులు కలిసి నడుపుతారు. మీరు వెళ్లకపోయినా అది జరుగుతుంది. ఇటుకల పండుగ అలా కాదు. మీ ఇంటి దోసెడు విత్తనం వెళ్లకపోతే అందులో ఆ మేరకు లోటే.

మా తప్పు

ఇప్పుడు మా వంతు. పండుగ మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు, మిగతా తరగతుల వార్షిక పరీక్షలు అప్పుడే. వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో గాని మొదలుకావు. అప్పటికి చాలా ఊళ్లలో పండుగ అయిపోతుంది. ఈ క్యాలెండర్ మైదానం లెక్కతో తయారైంది. అయిదో ఏటో ఆరో ఏటో హాస్టల్లో చేరిన పిల్ల, పది పాసయ్యేదాకా విత్తనం కలపడం ఒక్కసారి కూడా చూడకపోవచ్చు.

కొన్నేళ్ల క్రితం ఒక అవ్వ పన్నెండు కిలోమీటర్లు నడిచి మా హాస్టల్‌కి వచ్చింది. మనవరాలిని పండుగకి పంపమంది. పరీక్షలమ్మా, పంపడం కుదరదు అన్నాం. రూలు ప్రకారం మేము చెప్పింది సరైనదే. అవ్వ వాదించలేదు. నడుముకి కట్టుకున్న మూట విప్పి, అడ్డాకులో చుట్టిన పిడికెడు గింజలు బల్ల మీద పెట్టింది. "దీని వాటా ఇది. ఇక్కడ చేను లేదని తెలుసు. అయినా దానికి ఇవ్వమ్మా" అంది.

మేము ఆ పొట్లం ఆ పిల్లకి పరీక్షలయ్యాక ఇద్దామని సొరుగులో పెట్టాం. మరిచిపోయాం. జూన్‌లో హాస్టల్ తెరిచినప్పుడు సొరుగు లాగితే, సామలు పురుగుపట్టి పొడైపోయి ఉన్నాయి. ఆ పిల్ల ఆ ఏడాది తిరిగి రాలేదు, పదితో చదువు ఆపేసింది. ఆ అవ్వకి మేము ఇప్పటికీ క్షమాపణ చెప్పుకోలేదు.

అప్పటి నుంచి మా హాస్టల్లో ఒక చిన్న పని మొదలుపెట్టాం. పండుగకి వెళ్లలేని పిల్లల ఇంటి నుంచి ఎవరైనా విత్తనాల వాటా తెస్తే, తెచ్చిన రోజే పిల్ల చేతికి ఇస్తాం. హాస్టల్ వెనక ఉన్న కాస్త నేలలో తొలకరికి అన్నీ కలిపి చల్లుతాం. చోళ్లు, కందులు బాగానే వస్తాయి. సామలకి ఆ నేల పడదు. అయినా చల్లుతున్నాం.

ఈ వేసవికి మీ పని

సెలవులకి ఇంటికి వెళ్తారు కదా. ఒక నోటుబుక్కు తీసుకెళ్లండి. మీ ఊరి దేవత పేరు, పండుగ రోజు ఎవరు ఖాయం చేస్తారు, ఏ ఏ విత్తనాలు కలిపారు, ఏవి ఇప్పుడు దొరకడం లేదు, పజోరు పాట ఏమిటి, వాటాలు ఎలా వేస్తారు, ఇవన్నీ అవ్వని, తాతని అడిగి రాయండి. వాళ్లు కువిలో చెప్తే కువిలో, ఆదివాసీ ఒడియాలో చెప్తే అందులోనే, తెలుగు అక్షరాల్లో రాయండి. తెలుగులోకి మార్చి రాయాలని చూడకండి. ఫోన్‌లో రికార్డు చేసినా మంచిదే, ముందు వాళ్లని అడిగి చేయండి. పురుగుపట్టని పిడికెడు విత్తనం సీసాలో పోసి, పేరు రాసి, జూన్‌లో తెచ్చి మీ వార్డెన్‌కి ఇవ్వండి.

వచ్చే చైత్రంలో మీ ఊరి దారికి కర్ర అడ్డం పెట్టినప్పుడు, కారు అద్దం దించి ఎవరైనా ఏదైనా అంటే, కోపం తెచ్చుకోకండి, తల వంచుకోకండి. "మా ఊళ్లో విత్తనాల పండుగ జరుగుతోంది. ఈ దారిన వెళ్తున్నారు కాబట్టి మీదీ ఒక వాటా ఉంది" అని చెప్పండి. ఇస్తే పాట పాడండి. ఇవ్వకపోతే కర్ర తీసి దారి ఇవ్వండి.